ఇంజన్ ఆయిల్‌ని చెవితో కొంటున్నాం

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తాడు. పొద్దున స్ప్లెండర్ ఎక్కితే రాత్రి పదకొండింటికి దిగడమే. మొన్న పండక్కి ఖమ్మం వచ్చినప్పుడు బండి స్టార్ట్ చేసి, "మామయ్యా, ఒక్కసారి విను. ఫుల్లీ సింథటిక్ వేయించా, సౌండే మారిపోయింది" అన్నాడు. విన్నాను. మారిన మాట నిజమే. లీటరుకి దాదాపు వెయ్యి పెట్టాడట. అంతకుముందు పోయించేది మూడొందల చిల్లర డబ్బా. రోజంతా తిరిగితే వాడి చేతిలో మిగిలేది ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ వెయ్యి దగ్గరే ఆగిపోయాను.

వాణ్ణి ఏమీ అనలేదు. పండగ పూట ఎందుకని. కానీ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఇంజన్ ఆయిల్ గురించి ఎవరితో మాట్లాడినా చివరికి అక్కడికే వస్తారు: సౌండ్ స్మూత్ అయింది, సౌండ్ గరగరలాడుతోంది, ఆ బ్రాండ్ పోస్తే వెన్నలా ఉంది. మనం ఆయిల్‌ని చెవితో కొంటున్నాం, వేలితో పరీక్ష చేస్తున్నాం. ఈ రెండిటినీ నమ్ముకుని డబ్బు, కొన్నిసార్లు క్లచ్ ప్లేట్లు, ఇంకొన్నిసార్లు ఇంజనే పోగొట్టుకుంటున్నాం. ఏ ఆయిల్ పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఒక్క లైన్లో రాసి ఉంటుంది. ఇంజన్లో ఇప్పుడు ఎంత ఆయిల్ ఉందో ఏ పుస్తకంలోనూ ఉండదు. దాన్ని చూసేవాడే లేడు.

కొత్తది ఏది పోసినా అంతే

స్కూటర్లను పక్కన పెడితే, మన బైకుల్లో ఒకే ఆయిల్ మూడు చోట్ల పని చేస్తుంది: పిస్టన్, క్రాంకు దగ్గర ఒకటి, గేర్‌బాక్సులో రెండు, క్లచ్ ప్లేట్ల మధ్య మూడు. కారులో గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్ ఉంటుంది. బైకులో గేర్ల పళ్ళ మధ్య పడి నలిగేది కూడా ఇంజన్ ఆయిలే. వేడెక్కినప్పుడు మరీ పల్చబడకుండా ఆయిల్లో పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. గేర్ల పళ్ళు వాటిని తెంపేస్తాయి. దానికి తోడు కొంచెం పెట్రోలు కలుస్తుంది, కొంచెం తడి చేరుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక లోపల ఉన్నది, డబ్బాలోంచి పోసినప్పటి ఆయిల్ కాదు.

ఇప్పుడు దాన్ని తీసేసి కొత్తది పోస్తే సౌండ్ మారకుండా ఎలా ఉంటుంది? మూడొందల డబ్బా పోసినా మారుతుంది. మావాడు పోల్చింది సింథటిక్‌నీ మామూలు మినరల్ ఆయిల్‌నీ కాదు, కొత్త ఆయిల్‌నీ అరిగిపోయిన ఆయిల్‌నీ. రెండు కొత్త ఆయిళ్ళను ఒకదాని తర్వాత ఒకటి పోసి, ఏది ఏదో చెప్పకుండా నడపమంటే ఎంతమంది పోల్చుకోగలరో నాకు అనుమానమే.

చిక్కటి ఆయిల్‌తో ఇంకో తిరకాసు ఉంది. అది శబ్దాన్ని నిజంగానే తగ్గిస్తుంది. మా పక్కింటాయన ప్యాషన్ బండి టకటకమని కొట్టుకుంటుంటే ఎవరో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడ్ పోయించమన్నారు. పోయించాడు, సద్దుమణిగింది. నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. ఈసారి ఇంకో బ్రాండ్ మార్చాడు. చివరికి మెకానిక్ ట్యాపెట్ కవర్లు విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, వాల్వుల గ్యాప్ సెట్ చేసి బిగిస్తే టీ తాగేంత సేపట్లో అయిపోయింది. చిక్కటి ఆయిల్ ఆ గ్యాప్‌ని పూడ్చలేదు, దాని చప్పుడు బయటికి రాకుండా చేసింది, అంతే.

మెకానిక్ చెవిని నేను తక్కువ చేయడం లేదు. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నవాడు గేటు బయట బండి ఆగకముందే టైమింగ్ చైన్ వదులైందని చెప్పేస్తాడు. అది విద్యే. కాకపోతే ఆయన వినేది ఇంజన్‌ని. ఆ చప్పుడు పట్టుకుని ఆయిల్ మంచిదో చెడ్డదో తేల్చడమే నాకు నచ్చనిది.

"మన ఎండలకి 10డబ్ల్యూ-30 ఏం ఆగుద్ది?"

ఇది నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న వాదన. ఒక మెకానిక్ అయితే కొత్త డబ్బా మూతలోంచి రెండు చుక్కలు వేలి మీద వేసుకుని, బొటనవేలితో రుద్ది, "చూడండి సార్, నీళ్ళే. కంపెనీ వాడు ఏసీ రూములో కూర్చుని రాస్తాడు, బండి తిరిగేది కొత్తగూడెం ఎండలో" అన్నాడు. వినడానికి బాగానే ఉంది.

వేలి పరీక్షతో చిక్కేమిటంటే, వేలు ఉండేది ముప్పై నలభై డిగ్రీల దగ్గర. ఆయిల్ పనిచేసేది వంద దగ్గర, ఆపైన. మామూలుగా 40 డిగ్రీల దగ్గర కొలిస్తే 10డబ్ల్యూ-30 చిక్కదనం 70 సెంటిస్టోక్స్ అటూ ఇటూ ఉంటుంది, 20డబ్ల్యూ-50ది 160 దాకా ఉంటుంది. రెట్టింపు కన్నా ఎక్కువ, వేలికి తెలియకుండా పోదు. అదే 100 డిగ్రీల దగ్గర మొదటిది 10 చిల్లర, రెండోది 18 దగ్గర. అంటే షాపులో వేలి మీద నీళ్ళలా అనిపించిన 10డబ్ల్యూ-30 కన్నా, వేడెక్కిన 20డబ్ల్యూ-50 ఎన్నో రెట్లు పల్చన. అయినా ఇంజన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఇంజన్‌ని తయారు చేసిందే ఆ పల్చదనానికి తగ్గట్టు.

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది, వెనకున్నది వేడెక్కాక ఉండే చిక్కదనానికి. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మన లంబసింగి కూడా సున్నా దగ్గరే ఆగిపోతుంది కదా, మరి మనకెందుకు అనొచ్చు. చలికి కాకపోయినా పొద్దున్నే మొదటి కిక్ కొట్టినప్పుడు ఆయిల్ ఎంత తొందరగా పైకెక్కి, వాల్వుల్ని కదిలించే క్యామ్ దగ్గరికి చేరుతుందన్నది ఉంది. చిక్కటిది నింపాదిగా వెళుతుంది. కిక్ కొట్టగానే రెండు రైజింగులు ఇచ్చి గేటు దాటేవాళ్ళకి అది మంచిది కాదు.

ఇక ఎండ. గాలితో చల్లబడే ఇంజన్ కాబట్టి బయట 30 ఉన్న రోజుకీ 45 ఉన్న రోజుకీ ఆయిల్ వేడిలో కూడా ఇంచుమించు అంత తేడా వస్తుంది. పది పదిహేను డిగ్రీలంటే లెక్కలోకి తీసుకోవాల్సిందే. సిగ్నల్ దగ్గర గాలి ఆడక నిలబడితే ఇంకా ఎక్కువ. పాత జపాన్ బళ్ళ పుస్తకాల్లో బయటి వేడిని బట్టి ఏ గ్రేడ్ పోయొచ్చో చూపించే పట్టీ ఉండేది, వేడి ప్రాంతాలకి 20డబ్ల్యూ-50 కూడా అందులో ఉండేది. కాబట్టి చిక్కటిది అడిగే మెకానిక్ గాల్లోంచి మాట్లాడటం లేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కంపెనీలు పల్చటి ఆయిల్ వైపు వెళ్ళడానికి ఇంజన్ బాగోగులు ఒక్కటే కారణం కాదు. పల్చటి ఆయిల్‌తో మైలేజీ కొంచెం పెరుగుతుంది, పొగ పరీక్షలు గట్టెక్కడం తేలికవుతుంది. 2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక ఆ ఒత్తిడి పెరిగిందే గానీ తగ్గలేదు. పదిహేనేళ్ళ తర్వాత నీ బండి ఎలా ఉంటుందన్నది కంపెనీకి మొదటి చింత కాదు. 150 డిగ్రీల వేడిలో, రాపిడిలో పెట్టి కొలిచే పరీక్షలో 30 గ్రేడ్‌కి చిక్కదనం కనీసం 2.9 ఉంటే చాలు, 50 గ్రేడ్‌కి 3.7 ఉండాలి. ఆ తేడా కాగితం మీద ఉన్నదే.

అయినా నేను పుస్తకం వైపే నిలబడతాను. పొలాల గట్ల మీద, ముగ్గుర్ని, రెండు యూరియా బస్తాల్ని మోసుకుంటూ లక్ష కిలోమీటర్లు దాటిన స్ప్లెండర్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. వాటిలో కంపెనీ చెప్పిన 10డబ్ల్యూ-30 తాగినవి చాలానే. ఎండ ఎక్కువని గ్రేడ్ మార్చడం కన్నా, ఎండాకాలం మొదలయ్యేముందు ఆయిల్ మార్చేయడం నా దృష్టిలో తెలివైన పని. బాగా అరిగి, పొగ కొడుతూ, సిలిండర్ బోరు చేయించడానికి చేతిలో డబ్బు ఆడని బండికి ఒక మెట్టు చిక్కటిది పోసి ఏడాది నెట్టుకొస్తానంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు. అది వైద్యం కాదు, వాయిదా. ఎవరి అవసరం వాళ్ళది.

డబ్బా వెనక చూడండి

డబ్బా ముందు రేసు బండి బొమ్మ, పెద్ద పెద్ద అక్షరాలు. చూడాల్సింది వెనక. అక్కడ చిన్న అక్షరాల్లో జాసో ఎంఏ, ఎంఏ2, లేదంటే ఎంబీ అని ఉంటుంది. ఇది జపాన్ వాళ్ళు 1998లో బైకుల కోసం పెట్టిన ప్రమాణం. కార్ల ఆయిళ్ళలో మైలేజీ కోసం జారుడు పెంచే రసాయనాలు కలపడం ఎక్కువయ్యేసరికి, అవే ఆయిళ్ళు పోసిన బైకుల్లో క్లచ్ జారడం మొదలైంది. అందుకని క్లచ్ పట్టును కొలిచి, పట్టు ఉంచేవాటిని ఎంఏ అన్నారు, జారుడు ఎక్కువున్నవాటిని ఎంబీ అన్నారు. తర్వాత 2006లో ఎంఏని ఎంఏ1, ఎంఏ2గా విడగొట్టారు.

యాక్టివా లాంటి స్కూటర్లలో క్లచ్ ఆయిల్లో మునిగి ఉండదు, అది పొడి క్లచ్. కాబట్టి ఎంబీ పోస్తారు. స్కూటర్‌కి ఎంఏ పోస్తే పెద్దగా వచ్చే నష్టం లేదు, మైలేజీ ఏమన్నా కాస్త తగ్గొచ్చు. బైకుకి ఎంబీ పోస్తే మాత్రం, పుస్తకంలో ఎంబీ అనే ఉంటే తప్ప, క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఒకే కంపెనీ, ఒకే 10డబ్ల్యూ-30, ఇంచుమించు ఒకేలా ఉండే డబ్బాలు. షాపు కుర్రాడు తొందరలో ఏది అందితే అది ఇచ్చేస్తాడు. ఇంట్లో స్కూటరూ బైకూ రెండూ ఉన్నవాళ్ళు మిగిలిన ఆయిల్‌ని అటూ ఇటూ సర్దేయడం కూడా చూశాను.

మా బాబాయి దీన్నంతా కొట్టిపారేస్తాడు. ఆయన దగ్గర పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఉండేది. "ట్రాక్టర్‌కి పోసిందే దానికీ పోశాం, ఏమైంది?" అంటాడు. ఏమీ కాలేదు, నిజమే. కాకపోతే ఆ పాత బుల్లెట్‌లో ఇంజన్ వేరు, గేర్‌బాక్స్ వేరు. క్లచ్ ఉండే ప్రైమరీ కేసులో ఆయిల్ కూడా వేరే. ఇంజన్లో ఏం పోసినా క్లచ్‌కి తగలదు. ఇంజనూ గేర్‌బాక్సూ ఒకటైన యూసీఈ బుల్లెట్లు వచ్చాక ఆ లెక్క పనిచేయదు. ఇంకో తమాషా ఏమిటంటే, ట్రాక్టర్లకీ లారీలకీ వాడే 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిళ్ళలో కార్ల ఆయిల్లో ఉన్నట్టు జారుడు పెంచే రసాయనాలు సాధారణంగా ఉండవు. అమెరికాలో బైకుల వాళ్ళు షెల్ రొటెల్లా అనే డీజిల్ ఆయిల్‌ని ఏళ్ళ తరబడి వాడుతున్నారు, దాని మీద జాసో ముద్ర కూడా ఉంది. కాబట్టి బాబాయిది పూర్తిగా మొండి వాదన కాదు. క్లచ్ విషయంలో ట్రాక్టర్ ఆయిల్ కన్నా ఖరీదైన కారు ఆయిలే బైకుకి ఎక్కువ ప్రమాదం. కారుకి పోయగా మిగిలిన 5డబ్ల్యూ-30ని వృథా ఎందుకని బైకులో వంపేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ వెయ్యి రూపాయల సంగతి

సింథటిక్ అనగానే ల్యాబులో పుట్టిన ఆయిల్ అనుకుంటాం. ఒకప్పుడు అలాగే ఉండేది. 1990లలో కాస్ట్రాల్ తన సింటెక్ ఆయిల్లో, ముడి చమురునే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్-3 రకాన్ని వాడుతూ సింథటిక్ అని ప్రచారం చేసింది. ఇది సింథటిక్ ఎలా అవుతుందని మొబిల్ అమెరికాలో ప్రకటనల వివాదాలు తేల్చే సంస్థ దగ్గరికి వెళ్ళింది. 1999లో తీర్పు కాస్ట్రాల్‌కి అనుకూలంగా వచ్చింది. అప్పట్నించీ గ్రూప్-3 కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముడవుతోంది. ఇప్పుడు షాపుల్లో దొరికే చాలా సింథటిక్‌లలో ప్రధానంగా ఉండేది అదే. సెమీ సింథటిక్ అన్న డబ్బాలో సింథటిక్ వాటా ఎంతో డబ్బా చెప్పదు.

గ్రూప్-3 నాసిరకం అనడం లేదు. మినరల్ కన్నా వేడిని బాగా తట్టుకుంటుంది, తొందరగా చెడదు. డ్యూక్ 390 లాంటి బండి ఎక్కువ ఆర్‌పీఎం మీద నడుస్తుంది, దాని పుస్తకం 15డబ్ల్యూ-50 ఎంఏ2 అడుగుతుంది, దానికి మంచి సింథటిక్ పోయాల్సిందే. నూరు సీసీ బండిని యాభై అరవై మీద నడిపేవాడికి ఆ వెయ్యిలో ఆరొందలు ఎక్కడికి పోతున్నాయో నాకు అర్థం కాదు. రెట్టింపు దూరం నడిపితే డబ్బు గిట్టుబాటు అవుతుంది కదా అంటారు. లెక్క ప్రకారం సరే. ఆ రెట్టింపు దూరంలో మధ్యలో మూత విప్పి చూసేది ఎవరు?

సగం డబ్బా కూడా రాలేదు

నేను ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం, మా వీధి చివర షాపులో చూసిన ఒక సంగతి. ఒకాయన బండి తెచ్చాడు. ఖరీదైన ఆయిల్ తప్ప ఇంకోటి పోయనివ్వడని మెకానిక్కే చెప్పాడు. ఈసారి కూడా డబ్బా తనే తెచ్చుకున్నాడు. బండి సెంటర్ స్టాండ్ వేసి, కాసేపు ఇంజన్ వేడి చేసి, కింద రేకు ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పారు. నల్లటి ఆయిల్ మొదట వేలెడు ధారగా వచ్చింది, చూస్తుండగానే దారప్పోగు అయింది, తర్వాత చుక్కలు. కుర్రాడు బండిని అటూ ఇటూ వంచాడు. ఇంకో నాలుగు చుక్కలు. ట్రేలోది పాత 900 ఎంఎల్ డబ్బాలోకి గరాటు పెట్టి వంపితే సగం గీత దగ్గరికి కూడా రాలేదు. ఆ బండికి పట్టాల్సింది దాదాపు డబ్బా మొత్తం. ఎక్కడా లీకు లేదు. ఓనరు ముఖం చూడాలి. "ఇంత మంచి ఆయిల్ వాడుతుంటే ఎలా తగ్గుతుంది?" అన్నాడు. మంచి ఆయిల్ కూడా పిస్టన్ రింగుల పక్క నుంచి పైకెక్కి కాలిపోతుంది. బండి పాతదైతే పొగ కంటికి కనపడకుండానే నెలనెలా కొంత పోతుంది.

కారులో మూడు నాలుగు లీటర్ల ఆయిల్ ఉంటుంది. పావులీటరు తగ్గితే లెక్కలోకి రాదు. బైకులో ఉండేదే లీటరుకి అటూ ఇటూ. అందులో పావులీటరు పోతే పావు వంతు పోయినట్టే. మిగిలినదాని మీద అదే వేడి, అదే పని. ఇంకా తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, క్యామ్ ఎండిపోతుంది, ఒకరోజు హైవే మీద ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు అందరూ ఆయిల్ బ్రాండునే తిడతారు.

చూడటం పెద్ద పనేం కాదు. బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. ఇంజన్‌ని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగాలి. కుడివైపు నల్ల మూత విప్పి, దానికున్న కొలత పుల్లని గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి తీయాలి. స్ప్లెండర్ లాంటివాటికి మరతిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి, బిగించి తీస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనపడుతుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు. పై గీత దాటించి "ఎందుకైనా మంచిది" అని పోసేవాళ్ళు కూడా ఉన్నారు. అది కూడా మంచిది కాదు, నురగ కట్టి గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది.

పుల్ల తీసినప్పుడు ఆయిల్ నల్లగా ఉందని గాభరా పడక్కర్లేదు. మసిని తనలో కలుపుకుని మోయడం దాని పని, నల్లబడిందంటే ఆ పని చేస్తోందన్నమాట. వేళ్ళ మధ్య గరగరలాడినా, పెట్రోలు వాసన గుప్పున కొట్టినా, పాల మీగడలా తెల్లగా మారినా మాత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఎన్ని కిలోమీటర్లకి?

దీని మీద మాత్రం నాకింకా ఒక స్థిరమైన అభిప్రాయం లేదు. కంపెనీ ఆరు వేలంటుంది, మెకానిక్ రెండున్నర వేలంటాడు. ఆయన అలా చెబితే ఆయనకి నాలుగు డబ్బులు వస్తాయి, నిజమే. కానీ స్ప్లెండర్ లాంటి ఇంజన్లలో మార్చేసే కాగితపు ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ, క్రాంకుతో పాటు గిర్రున తిరుగుతూ చెత్తని అంచులకి విసిరే ఒక గిన్నె ఉంటాయి, అంతే. ఆ గిన్నె శుభ్రం చేయాలంటే కుడివైపు కవర్ విప్పాలి. ఎవరు విప్పుతున్నారు? అందుకే ఆరు వేలు నాకు ఎక్కువే అనిపిస్తుంది.

బండి తిరిగే తీరు కూడా చూడాలి. మా మేనల్లుడి బండి రోజంతా వేడిగానే ఉంటుంది, చేరిన తడీ పెట్రోలూ ఎప్పటికప్పుడు ఆవిరైపోతాయి. ఇంటికీ బడికీ మధ్య రెండు కిలోమీటర్లు తిరిగే మాస్టారి బండి సరిగ్గా వేడెక్కకముందే ఆగిపోతుంది. చూడటానికి సుకుమారంగా వాడినట్టుంటుంది, ఆయిల్‌కి మాత్రం అదే ఎక్కువ కష్టం. ఆయన ఆరు వేలు పూర్తిచేయాలంటే నాలుగేళ్ళకి పైనే పడుతుంది. అలాంటివాళ్ళు మీటర్ చూడకుండా ఏడాదికోసారి మార్చేయాలి.

మావాడికి ఫోన్ చేసినప్పుడు చెప్పింది ఇదే: పుస్తకంలో ఉన్న గ్రేడ్, వెనక ఎంఏ ముద్ర చూసి మామూలు డబ్బా కొనుక్కో, మూడు వేలకి మార్చు, ఆదివారం ఆదివారం పుల్ల చూసుకో. ఆ వెయ్యిలో మిగిలింది టైర్లకి దాచుకో. డబ్బా బంకులోనో కంపెనీ షాపులోనో కొను, కళ్ళముందు సీలు తీయించు, పోశాక ఖాళీ డబ్బా అడిగి తీసుకుని కోసి పారేయ్. ఖాళీ డబ్బాలు కొనుక్కుపోయి మళ్ళీ నింపి అమ్మేవాళ్ళున్నారు. అదే జరిగితే ముందు రాసిన గ్రేడూ, వెనక రాసిన జాసో, ఏదీ నిజం కాదు. డబ్బా అడిగితే మెకానిక్ ఏమన్నా అనుకుంటాడేమో అన్నాడు. అనుకోనీ అన్నాను.